నోరు కట్టుకోవడం
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. నల్లగొండ జిల్లాలో ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ రోజు నా తప్పు ఒకటి ఒప్పుకోవడానికి మీ ముందు నిలబడ్డాను.

మహబూబ్‌నగర్‌లో ఉన్న మా పెద్దమ్మాయికి షుగరు ఉన్నది, ఒళ్లు కూడా భారీ. ఇంటికి వచ్చినప్పుడల్లా, "నోరు కట్టుకోలేవా బేటీ? రంజాన్‌లో నెలంతా రోజాలు ఉంటావు గదా!" అని మందలించేవాణ్ణి. నిరుడు డాక్టరుగారు ఆమెకు వారానికొకసారి వేసుకునే సూదిమందు రాశారు. కొన్నాళ్లకు, "అబ్బా, ఇప్పుడు తిండి మీదికి మనసే పోతలేదు. మీకందరికీ మొదటి నుంచి ఇట్లనే ఉండెనా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

మనం తిన్న తర్వాత పేగులలో జి.ఎల్.పి.-1 అనే హార్మోను పుడుతుంది. "ఇక చాలు" అని మెదడుకు కబురు పంపేవాటిలో అదొకటి. సెమాగ్లుటైడ్ మందు దానిని పోలినదే. టిర్జెపటైడ్ దానితోపాటు మరొక హార్మోను పని కూడా చేస్తుంది. బరువు తగ్గడానికి ఇవి వెగోవి, మౌంజారో పేర్లతో 2025లో మన దేశానికి వచ్చినవి. ఆకలి ఎక్కువైనవారిది గుణలోపం కాదని నాకప్పుడు తెలిసింది.

అట్లని సూదే సర్వస్వం కాదు. 2021లో వెలువడిన పరిశోధనలో సెమాగ్లుటైడ్ వాడినవారు, ఆహార నియమంతోపాటు, 68 వారాలలో సగటున నూటికి 15 వంతుల బరువు తగ్గారు. మందు ఆపిన ఏడాదికి, తగ్గినదానిలో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. మందు ఆకలిని అణచగలదు గాని అలవాటును నేర్పలేదు. ఆకలి నెమ్మదించిన ఆ రోజులలోనే జొన్నరొట్టె, పప్పు, కూర, పొద్దుటి నడక అలవాటు చేసుకోవలెను.

వికారం, వాంతులు, మలబద్ధకం రావచ్చు. కొవ్వుతోపాటు కండ కూడా తగ్గవచ్చు. గర్భిణులు వాడరాదు. ఇన్సులిన్‌తోగాని, కొన్ని షుగరు మాత్రలతోగాని కలిస్తే షుగరు మరీ పడిపోవచ్చు. కనుక రోజాలు మొదలుకాక ముందే డాక్టరును అడగండి. పక్కింటివారు వాడారని మందుల షాపులో కొనకండి.

చివరగా ఒక్క మనవి. దావత్‌లో వద్దన్నవారి పళ్లెంలో బలవంతంగా బగారా అన్నం వడ్డించకండి. లావుగా ఉన్నవారిని చూసి నవ్వకండి. రోజా మనకు సబర్ నేర్పుతుంది. అది ఎదుటివారి ముద్దలు లెక్కపెట్టడానికి కాదు. ఈ మాట మా అమ్మాయికి చెప్పడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.