అద్దెదారు యజమానినని వాదించినప్పుడు

(భిలాయిలో రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)



జీతభత్యాలను గూర్చి, బదిలీలను గూర్చి పెద్దలు ఇప్పటికే మాట్లాడారు. నేను ఇంటిని గూర్చి మాట్లాడదలచాను. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒడంబడిక కుదిరి ఇక్కడ ఉక్కు కర్మాగారానికి పునాది పడిన నాటినుండి శ్రీకాకుళం, విశాఖపట్టణం ప్రాంతాల మనవారు ఈ నేలకు తరలివచ్చారు. కొందరికి సెక్టార్లలో క్వార్టర్లు దొరికాయి, కొందరికి చరోదా రైల్వే కాలనీలో దొరికాయి. తక్కినవారు ఖుర్సీపార్, సుపేలా, క్యాంపు వీధులలో అద్దె గదులలో సంసారాలు ఈడ్చారు. ఒకే గోడల మధ్య ముప్పై ఏండ్లు గడచిన పిదప అది పరాయి ఇల్లన్న మాట మనస్సుకు ఎక్కదు. అది సహజమే. అయితే న్యాయస్థానం మొట్టమొదట అడిగే ప్రశ్న వేరు. ఆనాడు తలుపు తీసి మిమ్ములను లోనికి రానిచ్చినది ఎవరు?

పదవీ విరమణ చేసిన ఒక తపాలా సోదరుడు కొన్నేండ్ల క్రితం ఒక నోటీసు పట్టుకొని నా వద్దకు వచ్చారు. ఇంటి యజమాని మరణించగా, కుమారులు ఖాళీ చేయమని వ్రాశారు. మన సోదరుడు అప్పటికే సమాధానం పంపివేశారు. ఎవరో కోర్టు ఆవరణలోని దళారి, "పన్నెండేండ్లు దాటితే ఇల్లు మీదే" అని చెప్పి, "ఈ ఇంటికి నేనే యజమానిని, మీకు ఏ హక్కూ లేదు" అని వ్రాయించి సంతకం చేయించాడు. అంతటితో ఆగక అద్దె కూడ మాన్పించాడు. మా సోదరుని రేకు పెట్టెలో పాత అద్దె రశీదులన్నీ నెలల వారీగా దారం కట్టి భద్రంగా ఉన్నాయి. తాను నిజాయితీగా అద్దె చెల్లించానని చూపుటకు దాచుకొన్న ఆ కాగితాలే ఆయన వాదానికి ఎదురు సాక్ష్యాలయ్యాయి. ఇల్లు పోయింది. అద్దె బకాయి మాత్రం మిగిలింది. విరమణ సొమ్ములో పెద్ద భాగం దానికే చెల్లిపోయింది.

ఆ పన్నెండేండ్ల మాట పూర్తిగా కల్పితం కాదు, కావుననే అది ప్రమాదకరం. 1963 నాటి కాలపరిమితి చట్టంలో అట్టి గడువు ఉన్నది. ప్రభుత్వ భూమి విషయంలో అది ముప్పై ఏండ్లు. కాని ఆ స్వాధీనం యజమానికి విరుద్ధంగా, బాహాటంగా, ఎడతెగక సాగి ఉండాలి. అనుమతితో ప్రవేశించి అద్దె చెల్లిస్తూ ఉన్నవాని స్వాధీనం నూరేండ్లైనా అనుమతి స్వాధీనమే. పైగా, అద్దె ప్రారంభమైన నాడు యజమానికి హక్కు లేదని అద్దెదారు తరువాత వాదించరాదని 1872 నాటి సాక్ష్య చట్టం 116వ సెక్షన్ శాసించింది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమం కూడ ఈ సూత్రాన్నే నిలుపుకొన్నది. అద్దె చట్టాలు రాష్ట్రానికొక విధంగా ఉండవచ్చును గాని, ఈ సాక్ష్య సూత్రం ఖుర్సీపార్‌లోను విజయనగరంలోను ఒక్కటే.

ఆంధ్రప్రదేశ్‌లో 1960లో చేసిన అద్దె నియంత్రణ చట్టం ఇంకొక అడుగు ముందుకు వేసింది. యజమాని హక్కును సద్భావం లేకుండా నిరాకరించుటనే అది ఖాళీ చేయించుటకు ఒక కారణంగా పేర్కొన్నది. అనగా, బకాయి లేకున్నా, ఇంటికి ఏ హాని చేయకున్నా, ఆ ఒక్క వాక్యం వ్రాసినందుకే ఆ చట్టం క్రింద ఇల్లు పోయే వీలుండేది. నిరాకరణలో సద్భావం ఉన్నదని అధికారి తేల్చిన యెడల యజమాని సివిల్ కోర్టుకు పోవలసి ఉండేది. ఆ సద్భావాన్ని కాగితాలతో చూపవలసినది మనమే.

అట్లని ఎవరు వచ్చి "నేనే యజమానిని" అన్నా తల ఊపమని నేను చెప్పడం లేదు. పాత యజమాని మరణించినప్పుడు గాని, ఇల్లు అమ్మినప్పుడు గాని, క్రొత్తగా వచ్చినవారిని వారసత్వ పత్రమో రిజిస్టరైన దస్తావేజో చూపమని అడిగే హక్కు మనకున్నది. "పత్రాలు చూపండి, అద్దె సిద్ధంగా ఉన్నది" అని వ్రాయడం వేరు, "ఇల్లు నాది" అని వ్రాయడం వేరు.

కొందరు సోదరులు నిజంగానే ఇంటికి బయానా ఇచ్చి, ఒప్పంద పత్రం వ్రాయించుకొని ఉంటారు. వారి బాధ న్యాయమైనది. కాని ఒప్పందమాత్రాన యాజమాన్యం రాదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీతో జరిపే అమ్మకాలు హక్కును బదిలీ చేయవని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది. ఒప్పందం అమలుకై దావా వేయాలి. అందుకు గడువు మూడేండ్లే. ఖాళీ చేయమన్న నోటీసు వచ్చే వరకు ఆ కాగితాన్ని ట్రంకు పెట్టెలో ఉంచుకొంటే గడువు దాటిపోతుంది.

ఇక క్వార్టర్లు. రైల్వే క్వార్టరైనా, తపాలా క్వార్టరైనా, ఉక్కు కర్మాగారపు సెక్టారు ఇల్లైనా 1971 నాటి పబ్లిక్ ప్రెమిసెస్ చట్టం క్రిందికి వస్తుంది. అక్కడ విచారించేది ఎస్టేట్ అధికారి. ఖాళీ చేయమని ఉత్తర్వు వెలువడిన పిదప జిల్లా జడ్జికి అప్పీలు చేసుకొనుటకు గడువు పన్నెండు రోజులు మాత్రమే. మన కేసులలో సగం ఆ పన్నెండు రోజులలోనే పోతున్నాయని నా అనుభవం. విరమణానంతరం క్వార్టరు విడువని ఉద్యోగుల నుండి అధిక అద్దెను గ్రాట్యుటీలో మినహాయించుకొనవచ్చునని 2020లో ఉక్కు సంస్థ సెయిల్ కేసులోనే సుప్రీంకోర్టు పలికింది. ఈ తీర్పు నాకు రుచించదు. అయినను మన కష్టార్జితం పందెంలో ఉన్నప్పుడు దానిని దాచి మాట్లాడలేను. దీర్ఘకాల లీజుపై ఇండ్లు తీసుకొన్నవారు కూడ ఒక సంగతి గుర్తించాలి. లీజు అనుభవ హక్కే, భూమి సంస్థదే.

యాజమాన్యాలు కూడ తమ ఇష్టానుసారం తీర్పరులు కాజాలవు. హైదరాబాదు హబ్సిగూడలో ఉస్మానియా విశ్వవిద్యాలయ భూముల విషయంలో విశ్వవిద్యాలయం వేసిన దావా నెగ్గలేదు. పిదప ప్రభుత్వం 1905 నాటి భూ ఆక్రమణ చట్టం క్రింద తహశీల్దారు ద్వారా ఖాళీ చేయించబోయింది. సుప్రీంకోర్టు 1982లో దానిని అంగీకరించలేదు. హక్కును గూర్చి సద్భావంతో కూడిన వివాదం ఉన్నప్పుడు, ప్రభుత్వం ఆస్తి తనదేనని తానే తేల్చుకొని సంక్షిప్త పద్ధతిలో వెళ్ళగొట్టరాదని, సామాన్య న్యాయస్థానంలోనే తేల్చుకోవాలని చెప్పింది. దీర్ఘకాలం స్వాధీనంలో ఉండి, ఎవరికీ అద్దె కట్టక, తన హక్కుకు ఆధారం చూపగలవానికి ఈ తీర్పు గొప్ప అండ. క్వార్టరు కేటాయింపు పత్రంపై సంతకం చేసినవానికి ఇది అక్కరకు రాదు.

ప్రతి ఆదివారం ఉదయం శాఖా కార్యాలయం తెరచియే ఉంటుంది. నోటీసు వచ్చిన యెడల కవరుతో సహా తీసుకొని రండి, కవరుపై ముద్ర తేదీ కూడ అవసరపడుతుంది. అద్దె రశీదులు, కేటాయింపు పత్రం, ఒప్పందం ఏది ఉంటే అది తెండి. అద్దె మాత్రం ఆపవద్దు. తీసుకొనకపోతే మనియార్డరు చేయండి, తిరిగి వచ్చిన మనియార్డరు కాగితాన్ని దాచండి. తపాలా సోదరులకు దాని విలువ నేను చెప్పనక్కరలేదు. మరియు, దయచేసి, సమాధానం పంపివేసిన పిదప రాకండి.