రోహిణి ఎండలో మైనస్ 162



ఎండాకాలంలో ప్రాంతీయ వార్తలు వినేవాళ్లకు రెంటచింతల పేరు కొత్త కాదు. మిగతా రోజుల్లో మమ్మల్ని ఎవరూ తలుచుకోరు గానీ, ఏప్రిల్, మే వచ్చేసరికి రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రత రెంటచింతలలో నమోదైందని తరచూ చెబుతుంటారు. వాతావరణ శాఖ వారి కేంద్రం ఇక్కడ ఉండబట్టి పేరు మాకు పడింది. నిజానికి గురజాలలో, మాచర్లలో, దాచేపల్లిలో ఎండ తక్కువేమీ కాదు. నలభై అయిదు డిగ్రీలంటే పల్నాడులో ఎవరూ గుండెలు బాదుకోరు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత మా వైపు నుంచే పుట్టిందేమోనని నాకు అనుమానం.

ఇంత ఎండ తినే చోటు నుంచి వచ్చి నేనీవేళ మాట్లాడబోయేది సున్నాకు 162 డిగ్రీలు దిగువన ఉండే ఇంధనం గురించి. ద్రవ సహజవాయువు అంటారు, పొడి అక్షరాల్లో ఎల్ఎన్‌జీ. పెద్ద లారీలకు డీజిల్ బదులు దీన్ని కొట్టిస్తున్నారు. మన దేశంలో బంకులు వెలుస్తున్నాయి, బండ్లు తయారవుతున్నాయి. సిమెంటు, నాపరాళ్లు, మిరప టిక్కీలు తోలే లారీలున్న ప్రాంతం మాది. కాబట్టి ఇది మన ఎండలో నిలుస్తుందా, ట్యాంకు పేలిపోదా అన్న ప్రశ్న ఇక్కడివాళ్లకు సహజంగానే వస్తుంది.

ముందు గ్యాసుల సంగతి తేల్చుకుందాం. వంటింటి సిలిండర్లో ఉండే ఎల్‌పీజీ కాస్త గట్టిగా నొక్కితే మామూలు వేడిలోనే ద్రవమవుతుంది. ఆటోల్లో వాడే సీఎన్‌జీ వేరు. అది మీథేన్. దాన్ని రెండు వందల బార్ ఒత్తిడికి నొక్కినా గ్యాసుగానే ఉంటుంది. మైనస్ 82 డిగ్రీల కంటే దిగువకు చల్లబరచనిదే మీథేన్ ఎంత నొక్కినా ద్రవం కాదు. మైనస్ 162కి దించితే మాత్రం ఒత్తిడితో పని లేకుండా నీళ్లలా పారుతుంది, అదే ఎల్ఎన్‌జీ. ఆరు వందల లీటర్ల గ్యాసు ఒక్క లీటరులోకి ఒదిగిపోతుంది. సీఎన్‌జీ సిలిండర్లో పట్టే ఇంధనానికి రెండున్నర రెట్లు అంతే చోటులో పడుతుంది. డీజిల్‌తో సమానం అనలేం. ఒక లీటరు డీజిల్ చేసే పనికి ఇది లీటరున్నర పైగా కావాలి. అయినా రెండు ట్యాంకులు నింపుకున్న బండి వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు పోతుందని తయారీదారులు చెబుతున్నారు. సీఎన్‌జీతో పెద్ద లారీకి అంత దూరం కష్టం.

ఇక మన ఎండ సంగతి. లారీ మీద ఈ ట్యాంకును చల్లబరిచే యంత్రమేదీ ఉండదు. ఫ్రిజ్ లేదు, ఐసు లేదు. లోపల ఒక స్టెయిన్‌లెస్ స్టీలు పీపా, దాని చుట్టూ ఇంకో పీపా, రెంటి మధ్య గాలి తీసేసిన ఖాళీ, ఆ ఖాళీలో అద్దంలా మెరిసే పల్చటి రేకుల పొరలు. 1892లో జేమ్స్ డ్యూయర్ అనే శాస్త్రవేత్త ఇలాంటి రెండు గోడల సీసా చేశాడు. ఆసుపత్రికి కాఫీ తీసుకెళ్లే థర్మాస్ ఫ్లాస్కు దాని సంతానమే. వేడి లోపలికి రాకుండా ఆపడం తప్ప చలిని పుట్టించే పని ఈ ట్యాంకు చేయదు.

ఇక్కడో చిన్న లెక్క వేద్దాం. బయట ముప్ఫై డిగ్రీలుంటే లోపలికీ బయటికీ తేడా 192. మా రెంటచింతల నలభై ఏడు డిగ్రీల ఎండలో ఆ తేడా 209. పదో వంతు కూడా పెరగలేదు. మనల్ని మాడ్చేసే ఎండ ఆ ద్రవానికి కొంచెం ఎక్కువ వేడి మాత్రమే. ఆ మాటకొస్తే హిమాలయాల మంచులో పెట్టినా అది మరుగుతూనే ఉంటుంది. కాబట్టి రోహిణి కార్తెలో ట్యాంకు పేలుతుందన్న భయం అక్కర్లేదు. జాగ్రత్త పడాల్సింది మరో చోట ఉంది.

ఎంత మంచి ట్యాంకైనా కాస్త వేడి లోపలికి జొరబడుతుంది. అప్పుడు పైపైన కొంత ద్రవం ఆవిరవుతుంది. ఆవిరవుతూ మిగిలినదాన్ని చల్లగా ఉంచుతుంది, కుండలో నీళ్లు చల్లబడినట్టే. కుండ చెమటకు దారి ఉంటుంది గానీ ఈ ట్యాంకు మూసి ఉంటుంది. ఆవిరి పేరుకునే కొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. బండి నడుస్తుంటే ఆ ఆవిరినే ఇంజను తాగేస్తుంది, ఒత్తిడి దిగుతుంది. బండి నిలబడిపోతే ఆవిరి ఎటూ పోదు. ట్యాంకులను సాధారణంగా అయిదు రోజులు తట్టుకునేలా చేస్తారు. తరవాత పదహారు బార్ దరిదాపుల్లో సేఫ్టీ వాల్వు తెరుచుకుని గ్యాసును వదిలేస్తుంది. ప్రమాదం తప్పుతుంది, డబ్బు గాలిలో కలుస్తుంది.

అంచేత ఈ ఇంధనం పరుగెత్తే బండికి పనికొస్తుంది గానీ నిలబడే బండికి కాదు. ఫ్యాక్టరీ గేటు ముందు సీరియల్ కోసం రోజుల తరబడి కాసుకుని, క్వారీ నుంచి మిల్లుకు పదీ పరకా కిలోమీటర్లు తిరిగే లారీకి దీన్ని పెట్టమని నేను చెప్పను. పల్నాడు నుంచి చెన్నైకో ముంబయికో ఆగకుండా తిరిగే పెద్ద బండి అయితే ఆలోచించవచ్చు. కొనేవాళ్లకు అమ్మేవాళ్లు మైలేజీ చెబుతారు. పండక్కి బండి షెడ్డులో పెడితే ఏమవుతుందో మీరే అడగాలి.

ఇంత చలి ద్రవం మన పల్లెలకు కొత్త అనుకోకండి. ఎదకొచ్చిన గేదెకు సూది వేయించడానికి గోపాలమిత్రకు కబురు పెడతాం కదా. అతను మోటారు సైకిలు మీద తెచ్చే అల్యూమినియం క్యానులో ఉండేది ద్రవ నత్రజని, మైనస్ 196 డిగ్రీలు. మూత తీయగానే తెల్లటి పొగ బయటికి పొర్లి నేల మీదికి జారుతుంది. పొడుగాటి పట్టకారుతో వీర్యం నింపిన గడ్డిపరకంత గొట్టాన్ని లాగి, గోరువెచ్చని నీళ్లలో ఉంచి, వాడతారు. ఆ క్యానుకు మూత బిగువుగా ఉండదు, ఉండకూడదు కూడా, ఆవిరి పోవాలి. అందుకే వారాలకొకసారి మళ్లీ నింపించుకోవాలి. లారీ ట్యాంకు కంటే చల్లని సరుకు ఎన్నో ఏళ్లుగా మన పశువుల పాకల దగ్గరికి వస్తూనే ఉంది.

ఇప్పుడు బంకులో ఏం జరుగుతుందో చూద్దాం. డీజిల్ కొట్టించడానికి డ్రైవరు కిందికి దిగకపోయినా పని జరుగుతుంది. ఇక్కడ అలా కుదరదు. ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెడతారు. ఎర్తింగు తీగ తగిలిస్తారు. నింపే మనిషి ముఖానికి అద్దం కవచం, చేతులకు మోచేతుల దాకా మందపాటి గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా వేసుకుంటాడు. ప్యాంటు అంచు బూటు పైన ఉండాలి, లోపలికి దోపకూడదు. ద్రవం చింది బూటులోకి దిగితే కాలు కాలినట్టే బొబ్బలెక్కుతుంది.

తరవాతి పని చూడ్డానికి చిన్నది, అసలు విద్యంతా అందులోనే ఉంది. నాజిల్ మూతినీ, బండి మూతినీ గాలి గొట్టంతో బాగా ఊదుతారు. ఒక్క నీటి చుక్క మిగిలినా అది గడ్డకట్టి నాజిల్‌ను పట్టేస్తుంది. అప్పుడు సుత్తితో కొట్టినా, బలంగా మెలిపెట్టినా సీలు పోతుంది. కరిగే దాకా ఊరుకోవడమే. నాజిల్ బిగించి బటన్ నొక్కాక ముందు హోసు చల్లబడాలి. వేడి గొట్టంలోకి వెళ్లిన ద్రవం మొదట ఆవిరే అవుతుంది, ఆ ఆవిరిని వెనక్కి లాగేస్తారు. కాసేపటికి హోసు మీద తెల్లటి మంచు పేరుకుంటుంది. అది గాలిలోని తేమే. కృష్ణపట్నం లాంటి సముద్రపు ఒడ్డున దట్టంగా పడుతుంది, మే నెలలో మా పొడి గాలిలో అంతగా పట్టదు. మీటరు లీటర్లు చూపించదు, కిలోలు చూపిస్తుంది. బంకులో అన్నీ సవ్యంగా ఉంటే పెద్ద లారీకి పది నిమిషాల లోపే పని అయిపోతుంది.

ఇంకో చిత్రం ఉంది. కొన్ని ఇంజన్లకు మరీ చల్లటి ద్రవం పనికిరాదు. ఆ బండ్ల ట్యాంకులో పంపు ఉండదు కాబట్టి ఇంధనాన్ని ఇంజను వైపు తోసేది లోపలి ఒత్తిడే. ఆ ఒత్తిడి ఎనిమిది బార్ దాకా ఉండాలంటే ద్రవం మైనస్ 130 దరికి వేడెక్కాలి. అందుకని బంకులోనే దాన్ని కాస్త వెచ్చబరిచి పోస్తారు. మైనస్ 130ని వెచ్చన అనడం ఈ వృత్తిలో ఉన్నవాళ్లకే చెల్లింది. అక్కడి నుంచి రేడియేటరు వేడి నీళ్లు తగిలి గ్యాసై ఇంజనులోకి పోతుంది.

ఈ విద్యలో మన రాష్ట్రానికి పెద్ద పేరే ఉంది, శ్రీహరికోట రూపంలో. జీఎస్ఎల్‌వీ రాకెట్టు పై అంతస్తులో పోసేది మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్, మైనస్ 183 డిగ్రీల ద్రవ ఆక్సిజన్. ఇలాంటి చల్లటి ద్రవాలతో నడిచే, మనం సొంతంగా చేసిన క్రయోజెనిక్ ఇంజను 2014 జనవరి 5న మొదటిసారి సఫలమైంది. హైడ్రోజన్ పైపుల్లో నీటి తేమే కాదు, మామూలు గాలి మిగిలినా గడ్డకట్టిపోతుంది. అందుకే హీలియంతో తుడిచినట్టు శుభ్రం చేస్తారు. ముందే నింపి పెట్టుకోవడం కుదరదు కాబట్టి, ప్రయోగానికి కొద్ది గంటల ముందే పోస్తారు, ఆవిరైనంత మళ్లీ పోస్తుంటారు. 2019 జూలై 15 తెల్లవారుజామున 2 గంటల 51 నిమిషాలకు చంద్రయాన్-2 ఎగరాలి. ఇంధనం నింపారు. 56 నిమిషాల 24 సెకన్లు మిగిలి ఉండగా సాంకేతిక లోపం కనిపించి ఆపేశారు. అంతా వెనక్కి తోడేసి, సరిచేసి, జూలై 22 మధ్యాహ్నం మళ్లీ నింపి పంపారు. వారం రోజుల్లో అది చేసిన తీరుకు రావలసినంత మెప్పు రాలేదని నా అభిప్రాయం.

రోడ్డు మీదికి వద్దాం. 2016 నవంబరులో తిరువనంతపురంలో ఎల్ఎన్‌జీ బస్సును నడిపి చూశారు. 2020 నవంబరు 19న జాతీయ రహదారుల మీద తొలి విడతగా యాభై బంకులకు శంకుస్థాపన జరిగింది. 2022లో పుణె దగ్గర చకన్‌లో బ్లూ ఎనర్జీ మోటార్స్ వాళ్లు ఈ లారీల ఫ్యాక్టరీ పెట్టారు. మనకు దగ్గరలో ఓడల మీద ఈ ద్రవం దిగే రేవు చెన్నై పక్కన ఎన్నూరు, 2019 నుంచి నడుస్తోంది. కృష్ణా గోదావరి గ్యాసు మన కాళ్ల కిందే ఉన్నా, ఆంధ్ర తీరంలో దిగుమతి రేవు మాటలు చాలాసార్లు నడిచాయి, పని కాలేదు. పైగా దేశంలో వాడే ఈ ద్రవం చాలావరకు దిగుమతి సరుకే. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వల్ల ప్రపంచమంతా దాని ధర ఆకాశానికంటింది. డీజిల్ కంటే పొగ, మసి బాగా తక్కువన్నది నిజమే. అయితే కాల్చకుండా వదిలేసిన మీథేన్ వాతావరణాన్ని బొగ్గుపులుసు వాయువు కంటే వందేళ్ల లెక్కలో ఇరవై ఎనిమిది రెట్లు వేడెక్కిస్తుంది. నిలబడ్డ బండి వదిలే గ్యాసు జేబుకే కాదు, గాలికీ నష్టమే.

ప్రమాదాల మాట దాచకూడదు. 1944 అక్టోబరు 20న అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఈ ద్రవం నిలవచేసిన ట్యాంకు పగిలి, అంటుకుని, 130 మంది దాకా చనిపోయారు. చలికి పెళుసెక్కే ఉక్కుతో ఆ ట్యాంకు కట్టారు. యుద్ధకాలంలో నికెల్ దొరక్క తక్కువ కలిపారు. అప్పటినుంచి లోహం ఎంపికలో రాజీ పడటం మానేశారు. మన దగ్గర 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో జరిగింది చాలామందికి గుర్తుంటుంది. అది చల్లటి ద్రవం కాదు, పైపులైను గ్యాసు. లీకైన గ్యాసు అంటుకుని ఇరవై మందికి పైగా పోయారు. వంటింటి గ్యాసుకు లీకు తెలియడానికి ఘాటు వాసన కలుపుతారు. ఎల్ఎన్‌జీకి ఆ వాసన మందు కలపలేరు, కలిపితే గడ్డకడుతుంది. అంచేత ముక్కును నమ్ముకోవడానికి లేదు. బంకుల్లో, బండ్లలో గ్యాసును పసిగట్టే పరికరాలు పెట్టేది అందుకే.

చివరిగా దారిన పోయేవాళ్లకు ఒక మాట. ట్యాంకరు వెనకాల ఉండే హెచ్చరిక పలక మీద 1972 అన్న అంకె కనిపిస్తే అది సంవత్సరం కాదు, ఈ ద్రవానికి ప్రపంచమంతటా వాడే గుర్తు. వంటగ్యాసు ట్యాంకరుకు 1075 ఉంటుంది. పైన ఉన్న గొట్టం నుంచి సన్నగా బుస్సుమని తెల్లటి ఆవిరి కాసేపు వచ్చి ఆగితే అది సేఫ్టీ వాల్వు చేసే పని. బండి బోల్తా పడి, నేల మీద తెల్లటి మబ్బు పరుచుకుంటే మాత్రం చూడ్డానికి పోకండి. సెల్‌ఫోనుతో వీడియో తీయడానికి అసలే వద్దు. మొదట్లో ఆ చల్లటి గ్యాసు గాలి కంటే బరువు, పల్లానికి పారుతుంది. గాలి ఎటు నుంచి వీస్తోందో అటువైపు, మెరక మీదికి తప్పుకోండి. బండి స్టార్టు చేయకండి, బీడీ వెలిగించకండి. 101కి ఫోను చేసి, ఆ నాలుగంకెల గుర్తు చెప్పండి. మంచి మనసుతో బిందెలు తెచ్చి ఆ మడుగు మీద నీళ్లు మాత్రం గుమ్మరించకండి. నీళ్ల వేడికి అది మరింత జోరుగా ఆవిరవుతుంది. ఎవరి చేతి మీదైనా చిందితే రుద్దకుండా, గోరువెచ్చని నీళ్లలో ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లండి.