అట్టిపెట్టుకున్నవాళ్లు, వదిలేసుకున్నవాళ్లు

వరసిద్ధి వినాయకుడి సన్నిధిలో జరిగే స్నాతకోత్సవంలో చదువు గురించో, నడవడి గురించో మాట్లాడటం ఆనవాయితీ. ఈ ప్రసంగం మాత్రం డబ్బు గురించి. 120 కోట్ల రూపాయలను ఒక క్రికెట్ జట్టు ఎవరెవరికి ఎలా పంచిందన్న కథ ఇది. "ప్యాకేజీ ఎంత?" అన్న ప్రశ్న ఇక్కడున్న ప్రతి పట్టభద్రుడినీ, పట్టభద్రురాలినీ ఈపాటికి ఎవరో ఒకరు అడిగే ఉంటారు. ఆ ప్రశ్నకు ఈ కథకు దగ్గరి చుట్టరికం ఉంది.

2024 అక్టోబర్ 31. ఐపీఎల్ జట్లు ఎవరిని అట్టిపెట్టుకుంటున్నాయో చెప్పడానికి ఆఖరి రోజు. ఉప్పల్‌లో ఆట లేదు, టికెట్ల క్యూ లేదు. అయినా సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు రాబోయే మూడేళ్లలో అంత ముఖ్యమైన రోజు మరొకటి లేదు. అప్పటి నియమాలు ఇవీ: ఒక్కో జట్టు చేతిలో 120 కోట్లు. పాతవాళ్లలో గరిష్ఠంగా ఆరుగురిని నిలుపుకోవచ్చు. భారత్‌కో మరో దేశానికో ఆడినవాళ్లు అందులో ఐదుగురికి మించకూడదు. వాళ్లకు వరసగా 18, 14, 11, 18, 14 కోట్లు పర్సులోంచి తీసేస్తారు. కూడితే 75 కోట్లు. మిగిలిన డబ్బుతో వేలానికి వెళ్లి, జట్టులో కనీసం 18 మంది, గరిష్ఠంగా 25 మంది ఉండేలా చూసుకోవాలి. విదేశీయులు ఎనిమిది మందే.

హైదరాబాద్ ఐదుగురిని ఉంచుకుంది. మొత్తం సరిగ్గా ఆ 75 కోట్లే. పంపకం మాత్రం వేరు. హెన్రిక్ క్లాసెన్‌కు 23 కోట్లు, కెప్టెన్ ప్యాట్ కమిన్స్‌కు 18, అభిషేక్ శర్మకు 14, ట్రావిస్ హెడ్‌కు 14, విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డికి 6 కోట్లు. బోర్డు చెప్పిన వరసను పక్కనపెట్టి, తమకు ఎవరు ఎంత అవసరమో ఆ లెక్కన సర్దుకున్నారన్నమాట.

ఈ ఐదు అంకెల వెనక ఐదు పాత అంకెలున్నాయి. క్లాసెన్‌ను ఇదే జట్టు 2022 డిసెంబర్‌లో 5.25 కోట్లకు కొన్నది. అభిషేక్ 2019 సీజన్‌కు ముందు ఢిల్లీ నుంచి మారకంలో వచ్చాడు. శిఖర్ ధావన్‌ను ఇచ్చి విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్‌లతో పాటు అతన్ని తెచ్చుకున్నారు. అప్పుడతని ధర 55 లక్షలు. హెడ్ 2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో భారత్ మీద ప్రపంచకప్ ఫైనల్లో 137 కొట్టిన సరిగ్గా నెలకు 6.80 కోట్లకు దొరికాడు. అదే రోజు 20.50 కోట్లు పోసి కొన్న కమిన్స్ ఒక్కడి ధరే మొదటి నుంచీ ఎక్కువ. నితీశ్ 2023లో 20 లక్షల కనీస ధరకు వచ్చాడు. మరుసటి ఏడాది 303 పరుగులు చేసి, వర్ధమాన ఆటగాడి పురస్కారం అందుకున్నాడు. రెండేళ్లలో జీతం ముప్పై రెట్లయింది. ఆ డిసెంబర్ 28న మెల్‌బోర్న్ టెస్టులో సెంచరీ కూడా కొట్టాడు.

చూడటానికి తెలివైన ఇంటిపెద్ద రాసుకున్న చిట్టాలా ఉంది కదా! కానీ ఈ తెలివి ఊరికే రాలేదు.

మూడేళ్లు వెనక్కి వెళ్దాం. 2016లో 848 పరుగులు చేసి హైదరాబాద్‌కు టైటిల్ తెచ్చిపెట్టిన కెప్టెన్ డేవిడ్ వార్నర్. 2021 సీజన్ మధ్యలో అతని కెప్టెన్సీ తీసేశారు. చివరికి జట్టులోనే చోటు లేకుండా పోయింది. ఏడాది ముగిశాక కేన్ విలియమ్సన్‌ను 14 కోట్లకు, అబ్దుల్ సమద్, ఉమ్రాన్ మాలిక్‌లను చెరి 4 కోట్లకు ఉంచుకుని వార్నర్‌తో పాటు రషీద్ ఖాన్‌నూ వదులుకున్నారు. రషీద్ 15 కోట్లకు గుజరాత్ చేరాడు, ఆ కొత్త జట్టు తొలి ఏడాదే కప్పు కొట్టింది. హైదరాబాద్ 68 కోట్లతో వేలానికి వెళ్లి నికొలస్ పూరన్‌కు 10.75 కోట్లు పెట్టి, 2022లో ఎనిమిదో స్థానంలో నిలిచింది. మరుసటి ఏడాదికి విలియమ్సన్‌నూ పూరన్‌నూ పంపించేసి, 42.25 కోట్లతో మళ్లీ వేలానికి వెళ్లి, హ్యారీ బ్రూక్‌కు 13.25 కోట్లు ఇచ్చింది. అతను ఒక సెంచరీతో కలిపి 190 పరుగులు చేశాడు. జట్టు ఆఖరి స్థానానికి జారింది. ఆ వేలంలోనే, బ్రూక్ ధరలో సగం కన్నా తక్కువకు కొన్న క్లాసెన్ 448 పరుగులు చేశాడు. రెండు అంకెలూ ఒకే గదిలో, ఒకే రోజు, ఒకే బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు పాడినవే. ఎంత చదివినా, ఎన్ని వీడియోలు చూసినా, ఎవరు క్లాసెన్ అవుతారో ఎవరు బ్రూక్ అవుతారో ముందే ఎవరికీ తెలియదు. అందుకే ఈ పనికి ఆఖరి రోజంటూ ఉండదు, ఏటా మళ్లీ మొదలవుతుంది.

ఇక 2024 నవంబర్ 24, జెడ్డా. వేలంలో మొదటి పేరు అర్ష్‌దీప్ సింగ్. చేతిలో 45 కోట్లున్న హైదరాబాద్ పాట పెంచుకుంటూ పోయి 15.75 కోట్ల దగ్గర నిలిచింది. అప్పుడు పాత యజమాని పంజాబ్, అదే ధరకు తన ఆటగాడిని వెనక్కి తీసుకునే ఆర్‌టీఎం హక్కు వాడుకుంటానంది. ఆ ఏడాది వచ్చిన కొత్త నియమం ప్రకారం పాట గెలిచిన జట్టుకు ఇంకొక్కసారి ధర పెంచే అవకాశం ఇస్తారు. హైదరాబాద్ ఒక్క గెంతులో 18 కోట్లు అంది. పంజాబ్ సరేనని ఆ ధరకే తన బౌలర్‌ను వెనక్కి తీసుకుంది. కాసేపటికి రిషభ్ పంత్ పేరొచ్చింది. లక్నోతో పోటీపడి మళ్లీ పాడిన హైదరాబాద్, లక్నో 20.75 కోట్లు అనేసరికి తప్పుకుంది. ఢిల్లీ ఆర్‌టీఎం అనగానే లక్నో 27 కోట్లకు ఎగబాకింది. ఐపీఎల్ చరిత్రలో అంతకు మించిన ధర అప్పటికి లేదు.

హైదరాబాద్ ఎందుకు ఆగిందో కాగితం మీద వేసి చూస్తే తెలుస్తుంది. 45లో 21 కోట్లు ఒక్కడికే పోతే మిగిలేది 24. దాంతో కనీసం మరో పన్నెండు మందిని కొనాలి. ఆగినందువల్ల దక్కినవాళ్లు ముగ్గురు: ఇషాన్ కిషన్ 11.25, మహమ్మద్ షమీ 10, హర్షల్ పటేల్ 8 కోట్లు. వేలంలో చెయ్యెత్తడం అందరికీ తెలుసు. ఏ అంకె దగ్గర చెయ్యి దించాలో ముందే రాసుకుని వచ్చినవాళ్లు తక్కువ.

మరి ఫలితం? 2025 మార్చి 23న ఉప్పల్‌లో మొదటి మ్యాచ్‌లోనే 286 పరుగులు, కిషన్ అజేయ సెంచరీ. ఇక కప్పు మనదే అనుకున్నారు జనం. సీజన్ ముగిసేసరికి స్థానం ఆరు. షమీ తొమ్మిది మ్యాచ్‌ల్లో ఆరు వికెట్లే తీశాడు, పంజాబ్ మీద నాలుగు ఓవర్లలో 75 పరుగులిచ్చాడు. నవంబర్‌లో అదే 10 కోట్లకు అతన్ని లక్నోకు పంపించారు. అంతకు ముందటేడు ఇదే పద్ధతిలో ఫైనల్‌దాకా వెళ్లిన జట్టు ఇది. లెక్క చక్కగా వేసినా గెలుపు ఖాయం కాదు. లెక్కే వేయకపోతే ఓటమికి కారణమైనా తెలియదు.

ఈ తరహా ఆలోచన నేర్పిన ఆట నిజానికి బేస్‌బాల్. అమెరికాలో అక్టోబర్ చివరికో నవంబర్ మొదటికో సీజన్ ముగియగానే ఈ కసరత్తు మొదలవుతుంది. అక్కడ జీతాలకు కచ్చితమైన పరిమితి లేదు, ఒక గీత దాటితే పన్ను కట్టాలంతే. 2001 తర్వాత ఓక్లండ్ అథ్లెటిక్స్ జట్టు తన పెద్ద బ్యాటర్ జేసన్ జియాంబీని న్యూయార్క్ యాంకీస్‌కు కోల్పోయింది. అతనికి యాంకీస్ ఇచ్చింది ఏడేళ్లకు 12 కోట్ల డాలర్లు. ఓక్లండ్ మొత్తం జట్టు జీతాలే ఏడాదికి సుమారు 4 కోట్లు. జనరల్ మేనేజర్ బిల్లీ బీన్ అలాంటి ఇంకొకణ్ని వెతకడం మానేసి, మిగతావాళ్లు చిన్నచూపు చూసిన ఒక గుణాన్ని, అంటే ఔటవకుండా బేస్ చేరగలగడాన్ని, చౌకగా కొన్నాడు. మోచేతి నరం దెబ్బతిని, క్యాచర్‌గా ఇక పనికిరాడనుకున్న స్కాట్ హాటెబర్గ్‌ను తెచ్చి వేరే చోట నిలబెట్టాడు. 2002 సెప్టెంబర్ 4న 11-0 ఆధిక్యం కరిగిపోయిన మ్యాచ్‌ను అతనే హోమ్ రన్‌తో గెలిపించాడు. జట్టుకది వరసగా ఇరవయ్యో గెలుపు. ఆ ఏడాది ఓక్లండ్, మూడు రెట్లు ఖర్చు పెట్టిన యాంకీస్ చెరో 103 మ్యాచ్‌లు గెలిచాయి.

ఇంకో కొస చూడండి. 2023 డిసెంబర్‌లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టు జపాన్ ఆటగాడు షోహెయ్ ఒతానీతో పదేళ్లకు 70 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. అందులో 68 కోట్లు 2034 నుంచి 2043 వరకు ఇస్తారు. ఆడే పదేళ్లలో అతను తీసుకునేది ఏడాదికి 20 లక్షలే. తన డబ్బు వాయిదా వేసుకుని, జట్టుకు మిగతావాళ్లను కొనే వెసులుబాటు ఇచ్చాడు. డాడ్జర్స్ 2024లోనూ 2025లోనూ విజేత.

ఒతానీ కన్నా పదిహేనేళ్ల ముందే హైదరాబాద్ ఆటగాడొకడు ఇంతకన్నా పెద్ద మనసు చూపించాడు. 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు సచిన్, గంగూలీ, ద్రవిడ్, యువరాజ్, సెహ్వాగ్ 'ఐకాన్' ఆటగాళ్లు. జట్టులో అత్యధిక ధర పలికినవాడి కన్నా 15 శాతం ఎక్కువ వాళ్లకు దక్కాలన్నది నియమం. అప్పటి హైదరాబాద్ జట్టు దక్కన్ చార్జర్స్‌లో వీవీఎస్ లక్ష్మణ్‌కూ ఆ హోదా వచ్చేదే. ఆయన వద్దన్నాడు. జట్టు పర్సు 50 లక్షల డాలర్లు. ఆండ్రూ సైమండ్స్‌కు 13.5 లక్షలు పెట్టారు. లక్ష్మణ్ ఐకాన్‌గా ఉండి ఉంటే ఆయనకు 15.5 లక్షలు ఇవ్వాల్సి వచ్చేది. ఇద్దరికే 29 లక్షలు పోతే మిగతావాళ్లకు ఏం మిగులుతుంది? ఆ త్యాగానికి వెంటనే ఫలం రాలేదు. తొలి ఏడాది చార్జర్స్ ఆఖరి స్థానంలో నిలిచింది. 2009లో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో అదే జట్టు జొహానెస్‌బర్గ్‌లో కప్పెత్తింది.

ఇప్పుడు వదిలేసుకున్నవాళ్ల సంగతి. భువనేశ్వర్ కుమార్ 2014 నుంచి పదకొండు సీజన్లు హైదరాబాద్‌కు ఆడాడు. 2016, 2017ల్లో వరసగా, అత్యధిక వికెట్లకిచ్చే పర్పుల్ క్యాప్ గెలిచాడు. 2024 అక్టోబర్ జాబితాలో అతని పేరు లేదు. బెంగళూరు 10.75 కోట్లకు తీసుకుంది. 2025 జూన్ 3న ఆ జట్టుకు తొలి ఐపీఎల్ టైటిల్ వచ్చింది. అదే బెంగళూరు వదిలేసుకున్న మన హైదరాబాదీ మహమ్మద్ సిరాజ్‌ను గుజరాత్ 12.25 కోట్లకు కొన్నది. 2017లో సన్‌రైజర్స్ అతన్ని 2.60 కోట్లకు తీసుకున్నప్పుడు అతని తండ్రి ఆటో నడిపేవాడు. విడుదలైన మరుసటి ఏడాదే, 2025 ఆగస్టు 4న ఓవల్ టెస్టు ఆఖరి రోజు ఉదయం సిరాజ్ భారత్‌ను ఆరు పరుగులతో గట్టెక్కించాడు. బెంగళూరు తప్పు చేసిందా? కప్పు గెలిచింది కదా! సిరాజ్ పనికిరానివాడయ్యాడా? ఓవల్ చూసినవాళ్లు ఆ మాట అనరు. ఒక జట్టు అవసరం ఒకటి, ఒక ఆటగాడి సత్తా ఇంకొకటి.

ఈ తేడా చిత్తూరు జిల్లా రైతులకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 2025 వేసవిలో తోతాపురి మామిడి ధర పడిపోయి, కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 ఇవ్వాలని నిర్ణయించాల్సి వచ్చింది. కాయ తీపి ఆ ఏడాది తగ్గలేదు. పాత గుజ్జు అమ్ముడుపోక కొనేవాళ్ల గోదాముల్లో నిలిచిపోయింది.

క్యాంపస్‌లో పలికిన ప్యాకేజీ కూడా ఇలాంటిదే. అది ఆ కంపెనీకి ఆ ఏడాది ఎన్ని ప్రాజెక్టులున్నాయి, ఎంతమందిని తీసుకోవాలనుకుంది, పర్సులో ఎంతుంది అన్న లెక్కల్లోంచి పుట్టిన అంకె. శ్రీసిటీలో చేరినవాళ్లకు ఒకటి, బెంగళూరు కంపెనీలో చేరినవాళ్లకు ఇంకొకటి, ఇంకా ఏ ఆఫరూ రానివాళ్లకు ప్రస్తుతానికి సున్నా. ముగ్గురూ కూర్చున్నది ఒకే తరగతిలో, రాసింది ఒకే పరీక్ష. తల్లిదండ్రులు ఈ అంకెల్ని పక్కింటి అంకెలతో పోల్చి, ఇంట్లో పిల్లల ముఖం చిన్నబుచ్చకుండా ఉంటే ఈ సభకు అంతకన్నా కానుక లేదు.

పట్టభద్రులకు రెండు విన్నపాలు. మొదటిది, ఉద్యోగంలో చేరేటప్పుడు జీతం ఎంతని అడగండి, మొహమాటపడకండి. దాంతోపాటు రెండేళ్లలో ఏ పని చేతికిస్తారో, ఎవరి దగ్గర నేర్చుకోవచ్చో కూడా అడగండి. 20 లక్షల నితీశ్ 6 కోట్ల నితీశ్ అయింది ఆడే అవకాశం దొరికినందుకే. బెంచీ మీద కూర్చుని ఉంటే ఆ 303 పరుగులు వచ్చేవి కావు.

రెండోది కాస్త దూరపు మాట. ఇంకో పదేళ్లకు మీలో చాలామంది బల్లకు అవతలి వైపు కూర్చుంటారు. ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి, ఎవరికెంత ఇవ్వాలి అన్న జాబితా మీ చేతిలో ఉంటుంది. డబ్బు ఎప్పుడూ చాలదు, కొందరిని వదులుకోక తప్పదు. ఆ రోజు ఒక మెయిల్ పంపి చేతులు దులుపుకోకండి. ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, కారణం ఇదీ అని చెప్పి, రావాల్సిన బకాయి పైసాతో సహా ఇప్పించి, వేరే చోట పని దొరికేందుకు నాలుగు మంచి మాటలు రాసిచ్చి పంపండి.