పుట్టిన మన్ను – పోయిన మన్ను
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగనాడు సమాధుల మాట యేమిటని మీలో కొందరికి తోచవచ్చును. వేపపువ్వుతో సంవత్సరాన్ని మొదలుపెట్టే వాళ్లం మనం. పోయినవారిని తలచుకొనడం మనకు అశుభం కాదు.

ప్రవాసులమైన మన ఇండ్లలో ఒక ప్రశ్న తప్పక వస్తుంది. తాత పుట్టిన ఊరొకటి, తండ్రి కొలువు చేసిన ఊరొకటి, మనం ఇల్లు కట్టుకొన్న ఊరింకొకటి. పెద్దవారు కన్నుమూసినప్పుడు ఎక్కడికి చేర్చాలి? రాత్రికి రాత్రే బండి మాట్లాడి స్వగ్రామానికి తీసికొనిపోయిన కుటుంబాలున్నవి. ఈ ఊరి మట్టిలోనే కలిపిన కుటుంబాలూ ఉన్నవి. మొదటివారిని మూఢులని గాని, రెండవవారిని ఊరు మరచినవారని గాని అనరాదని మా మనవి. ఇందుకు దేశమెరిగిన నాయకుల కథనే చెప్పుకొందాం.

1956 నవంబరు 1వ తేదీన ఇరుగుపొరుగున రెండు రాష్ట్రాలు ఏర్పడినవి. ఆంధ్రప్రదేశ్‌కు నీలం సంజీవరెడ్డిగారు, విశాల మైసూరుకు ఎస్. నిజలింగప్పగారు ఒకే రోజున ముఖ్యమంత్రులైనారు. ఇద్దరూ పల్లెటూళ్లలో పుట్టినవారే. సంజీవరెడ్డిగారిది అనంతపురం జిల్లా ఇల్లూరు. నిజలింగప్పగారిది అప్పటి బళ్లారి జిల్లా హలువాగలు.

పదమూడేండ్ల తరువాత ఇద్దరినీ మన బెంగుళూరే ఒకచోట చేర్చింది. 1969 జూలైలో లాల్‌బాగ్ గాజుటింట్లో కాంగ్రెసు మహాసమితి కూడినది. నిజలింగప్పగారు అప్పుడు కాంగ్రెసు అధ్యక్షులు. రాష్ట్రపతి పదవికి పార్టీ అభ్యర్థిగా సంజీవరెడ్డిగారిని ఇక్కడనే నిర్ణయించినారు. పోటీకి నిలిచినది మరొక తెలుగువారు, వి. వి. గిరిగారు. తుది లెక్కలో గిరిగారికి 4,20,077 ఓట్ల విలువ, సంజీవరెడ్డిగారికి 4,05,427 వచ్చినవి. పార్టీ రెండుగా చీలిపోయింది. సంజీవరెడ్డిగారు అనంతపురం చేరి వ్యవసాయం చూచుకొన్నారు. 1977లో ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయినారు.

ఇక వీరి తుది మజిలీలు చూడండి. గిరిగారు 1894లో బరంపురంలో పుట్టి, 1980లో మదరాసులో కన్నుమూశారు. పుట్టిన ఊరూ, పోయిన ఊరూ రెండూ నేటి ఆంధ్ర ఎల్లలకు అవతలివే. అయినా ఆయన తెలుగువారు కారని ఎవరనగలరు?

సంజీవరెడ్డిగారు 1982లో పదవి దిగిన తరువాత, బెంగుళూరులో స్థిరపడుమని రామకృష్ణ హెగ్డేగారు ఆహ్వానించినారు. ఆయన మాత్రం అనంతపురంలోని తమ పొలానికే పోయినారు. అంతగా సొంత మన్నును కోరుకొన్న ఆ పెద్దమనిషి 1996 జూన్ 1వ తేదీన బెంగుళూరులోనే కన్నుమూశారు. ఆయన సమాధి ఈ నగరంలోని కల్పల్లి శ్మశానవాటికలో ఉన్నది. ఇల్లూరు పొలాల్లో ఆడుకొన్న బిడ్డ, రాష్ట్రపతి భవనంలో అయిదేండ్లున్న పెద్ద, నేడు మన ఇరుగువాడై ఉన్నాడు. ఇది ఈ ఊరిలోని తెలుగు పిల్లలలో ఎందరికి తెలుసు?

నిజలింగప్పగారు 97 ఏండ్లు బ్రతికి, 2000 ఆగస్టు 8వ తేదీన చిత్రదుర్గంలో కాలంచేసినారు. ఊరికి సమీపాన, బెంగుళూరు నుండి పోయే పెద్ద రోడ్డు ప్రక్కన, సీబార వద్ద ఆయన సమాధి ఉన్నది. చుట్టూ మెట్టపొలాల నాడు. చెళ్లకెర, పావగడ ప్రాంతాలకు పోయి వచ్చే మనవారికి ఆ నేల కొత్త కాదు. అక్కడి పల్లెలలో ఈనాటికీ తెలుగు వినబడుతుంది.

ఆ సమాధిని గురించి ఒక్క సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 2011లో అక్కడి స్మారకాన్ని ప్రారంభించినవారు దలైలామా. దేశం విడిచి వచ్చిన టిబెట్టువారికి ఈ రాష్ట్రం 1960 మొదలుగా బైలకుప్పెలో భూమి చూపి ఆశ్రయమిచ్చినది. ఆ ఆదరణకు వారు నిజలింగప్పగారిని కృతజ్ఞతతో తలచుకొంటారు. వలసవచ్చిన జాతి గురువు, నీడ ఇచ్చిన నేల పెద్దకు ఒక జిల్లా ఊరి దాపున నమస్కరించినాడన్నమాట. మనమూ వలసవచ్చినవారమే కదా!

మనం గ్రహించవలసినది ఇదే. మనిషి ఏ మన్నులో కలిసినా, తలచేవారున్నచోటనే అతనికి ఊరున్నట్లు. తలచేవారు లేకపోతే పాలరాతి కట్టడమైనా ముళ్లకంపల పాలే. గొప్పవారి సమాధులకు ప్రభుత్వం దిక్కు. మనవారి మాటేమిటి? ఈ ఊరిలో పాఠశాలకు స్థలమిచ్చినవారు, భజనమందిరం నిలబెట్టినవారు, పురసభలో మన వాడకు కొళాయి తెప్పించినవారు మన పెద్దలలో లేరా? వారిలో పూడ్చిపెట్టినవారి గుట్టలు శ్మశానాలలో పేర్లు చెరిగి ఉన్నవి. దహనమైనవారికి ఆ గుర్తు కూడా లేదు. చూపగలిగిన ముసలివారు ఏటికేడాది తరిగిపోవుచున్నారు.

కాబట్టి ఈ యేడు మన సంఘం ఒక పుస్తకం తెరవవలెనని కోరుచున్నాము. పెద్దఖర్చు లేదు; ఒక గట్టి అట్ట పుస్తకం, ఓపికగల ఇద్దరు యువకులు చాలు. పేరు, పుట్టిన ఊరు, ఇక్కడికి వచ్చిన యేడు, చేసిన పని, పోయిన యేడు, తుది చోటు. ఇవి వ్రాస్తే చాలు. స్వగ్రామానికి చేర్చిన వారి పేర్లూ వ్రాద్దాం. ఆడవారి పేర్లు విడువకండి. మన ఇండ్లు నిలిపినవారు వారే. ఏడాదికొకసారి పిల్లలను వెంటబెట్టుకొని కల్పల్లికి పోదాం. సంజీవరెడ్డిగారికి ఒక పూలమాల, మన పెద్దలకు తలా ఒక పువ్వు.

నూతన సంవత్సరం మీ ఇండ్లలో పాడిపంటలు నింపుగాక! మీ ఇంటి పెద్దల పేర్లు ఈ సాయంత్రమే వ్రాయించి పొండని కోరుతూ సెలవు తీసికొంటున్నాము.