పొయ్యి చెప్పే మాట

పత్తికట్టె పొగకు కళ్లు మండించుకున్న మన గుంటూరు, ప్రకాశం ఇల్లాళ్లకు గ్యాసుపొయ్యి వచ్చాక ఆ బాధ తప్పింది. అయితే దీన్నీ కాస్త కనిపెట్టి ఉండాలి సుమా!

మంట నీలంగా ఉండాలి. పసుపుగా లేచి గిన్నె అడుగు మసిబారుతోందంటే బర్నరు కన్నాలు పూడిపోయి ఉండవచ్చు. చల్లారాక సబ్బునీళ్లతో రుద్ది కడిగి, బాగా ఆరాకే పెట్టండి. రబ్బరు గొట్టం రెండు చివరలా సబ్బునురుగు రాయండి. బుడగలు లేస్తే గ్యాసు కారుతున్నట్టే.

మిరపకాయలు వేయించే ఘాటులో గ్యాసు వాసన తెలియకపోవచ్చు. ఈ గ్యాసు గాలికన్నా బరువు, నేలబారున పరుచుకుంటుంది. వాసన తగిలితే స్విచ్చి వేయనూ వద్దు, తీయనూ వద్దు. పొయ్యీ, రెగ్యులేటరూ కట్టేసి, తలుపులు బార్లా తెరిచి, బయటికొచ్చి 1906కు ఫోను చేయండి. కూర మళ్లీ వండుకోవచ్చు, తల్లీ!