లేవలేని ఆవు

(మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి మాట్లాడడానికి నాకంటె సమర్థులు ఈ వేదిక మీద ఉన్నారు. కార్యదర్శి గారు “మీకు తోచిన విషయం పది నిమిషాలు చెప్పండి” అన్నారు. నాకు తోచింది పడిపోయిన ఆవు సంగతి. నవ్వకండి. మనలో చాలామందిమి పదవీ విరమణ తరువాత సొంత ఊళ్ళకు చేరి ఒక ఆవునో, గేదెనో కట్టేసుకున్నవాళ్ళమే.

నేను పశుసంవర్ధక శాఖలో గుమాస్తాగా చేరి, 2008లో సూపరింటెండెంటుగా దిగిపోయాను. డాక్టరును కాను. ముప్పై ఏళ్ళకు పైగా మందుల ఇండెంట్లలో “కాల్షియం బోరోగ్లూకోనేట్, 450 మి.లీ. సీసాలు” అని రాసి, కూడికలు సరిచూసి, పై అధికారి సంతకానికి పెట్టినవాణ్ణి. ఆ సీసా ఏం చేస్తుందో కళ్ళారా చూసింది మాత్రం 2019 జనవరిలో, మా పెరట్లో.

మాది తెనాలి పక్కన పల్లెటూరు. మా ఆవు గౌరి జెర్సీ సంకరం. ఆ నెలలో నాలుగో ఈత సుఖంగా ఈనింది. రాత్రి రెండింటికి లేచి చూస్తే నిలబడి దూడను నాకుతోంది. ఆరున్నరకు పడి ఉంది. మెడ వెనక్కు తిప్పి తల డొక్కకు ఆనించుకుంది. చెవులు పట్టుకుంటే మంచు. ముట్టె ఎండిపోయింది. దీన్ని పాలజ్వరం అంటారు. పేరుకే జ్వరం, నిజానికి ఒళ్ళు చల్లబడుతుంది. నాలుగైదు వందల కిలోల ఆవు నెత్తుట్లో ఒక సమయానికి తిరుగుతూ ఉండే కాల్షియం మూడు గ్రాములకు అటూ ఇటూ. లీటరు జున్నుపాలలో రెండు గ్రాముల పైచిలుకు పోతుంది. ఈనిన వెంటనే పొదుగు అంత తోడేస్తుంటే, ఎముకల్లోంచి అంత వేగంగా ఊరకపోతే, కండరాలు పని మానేస్తాయి. మూడో ఈత దాటిన పాడి ఆవులకు, అందులో జెర్సీలకు ఇది ఎక్కువ. ఈనిన మూడు రోజుల లోపల ఆవు పడిపోతే మొదట అనుమానించవలసింది దీన్నే.

డాక్టరు గారు వేరే ఊళ్ళో కేసు చూసుకుని వచ్చేసరికి మధ్యాహ్నమైంది. సీసాను గోరువెచ్చని నీళ్ళలో ఉంచి, మెడ నరానికి సూది గుచ్చి, ఒక చేత్తో స్టెతస్కోపు గుండె మీద పెట్టి, బొట్టు బొట్టుగా ఎక్కించారు. తొందరపడితే గుండె ఆగిపోతుందట. సీసా సగమయ్యేసరికి ఒళ్ళు వణికింది, త్రేన్చింది, పేడ వేసింది. చాలా ఆవులు గంటా రెండు గంటల్లో లేచిపోతాయి. మాది తల ఎత్తింది, గడ్డి అందుకుంది, లేవలేదు.

అప్పుడు డాక్టరు గారు చెప్పిన మాటే ఈరోజు నేను మీకు చెప్పదలచుకున్నది. ఇంత బరువున్న జంతువు గట్టి నేల మీద ఆరేడు గంటలు ఒకే పక్కన పడి ఉంటే, కింద పడ్డ కాలికి నెత్తురు ఆడదు. తొడ కండ వాచి, నరం నలిగి, రోగం నయమైనా కాలు చచ్చుబడుతుంది. పడిపోవడానికి కారణం ఒకటి, లేవలేకపోవడానికి కారణం మరొకటి. “ఇక నా మందుకంటె మీ చాకిరీ ముఖ్యం మాస్టారూ” అన్నారాయన. (గుమాస్తాలను కూడా మాస్టారూ అనడం మా వైపు మర్యాద.)

ఆ మాట నాకంటె ముందు మా ఇంటావిడకు అర్థమైంది. మా అమ్మ పక్షవాతంతో రెండేళ్ళు మంచం మీద ఉన్నప్పుడు ఆవిడ చేతుల మీదుగానే వెళ్ళింది. ఒంటి మీద ఒక్క పుండు పడనివ్వలేదు. “అత్తయ్యగారిని రెండేళ్ళు పక్క తిప్పానండీ, దీన్ని తిప్పలేనా?” అంది.

తిప్పడమంటే ఇలా. ముందు సిమెంటు నేల మీద నుంచి గోనెపట్టా మీదికి మెల్లగా జరిపి, పట్టాతో సహా పెరట్లోకి లాగాం. తల పట్టి ఈడ్చకూడదు. జానెడు మందాన ఇసుక పోసి, పైన ఎండుగడ్డి పరిచాం. బోర్లా, రొమ్ము ఆనేలా కూర్చోబెట్టి, భుజానికి ఊక నింపిన బస్తాలు ఆనించాం. పక్కకు చాపుకు పడుకుంటే కడుపులో గాలి త్రేన్పుగా రాక ఉబ్బిపోయి ఊపిరాడదు. మూడు గంటలకొకసారి ఒకరు తల, ఇద్దరు తుంటి, ఒకరు భుజం పట్టి రెండో పక్కకు వాల్చి, కింద నలిగిన కాలును బయటికి తీసి కాసేపు మర్దనా చేయాలి. రోజుకు ఎనిమిదిసార్లు, రాత్రిళ్ళతో సహా. పేడలో పొదుగు నానితే పొదుగువాపు వస్తుంది కాబట్టి తిప్పినప్పుడల్లా కడిగి గడ్డి మార్చాలి. కుడితి, నీళ్ళు మూతికి అందేంత దగ్గరలో ఉండాలి. ముప్పై నలభై లీటర్లు తాగే జీవి, అడగలేదు కదా.

ఈ పనికి జీతగాళ్ళు దొరకరు. దొరికింది ఎవరంటే, రిటైరైన పక్కింటి టీచరుగారు, ఎదురింటి పోస్టుమాస్టరుగారు, పాలు పోయించుకునే కుర్రాడు. ఇద్దరు పెద్దవాళ్ళూ నిద్రపట్టని వయసు వాళ్ళే. నేను పాత అలవాటు కొద్దీ ఒక రిజిస్టరు తెరిచాను. తేదీ, వేళ, ఏ పక్క, నీళ్ళు, పేడ, మూత్రం, సంతకం. సంతకం గడి అనవసరమని మా ఆవిడ వెక్కిరించింది గాని, తెల్లవారుజామున మూడింటి వంతు ఎవరూ ఎగ్గొట్టలేదంటే అది ఆ గడి చలవే.

సలహాలకు కొదవ లేదు. తోక మెలిపెట్టమన్నవారు, ముక్కులో పొగ పెట్టమన్నవారు. ఒక పెద్దాయన వెదురుగొట్టంతో శొంఠికషాయం పోస్తానని గిన్నెతో సహా వచ్చాడు. గుటక సరిగా పడని పశువుకు నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోయి చస్తుంది. ఆయనకు కాఫీ ఇచ్చి పంపాం. రెండో రోజు సంతబేరగాడు వచ్చి మూడు వేలన్నాడు. రేపైతే రెండే అన్నాడు. నేనేమీ అనకముందే మా ఆవిడ “రాత్రి పన్నెండింటికి తిప్పాలి, మనిషి తక్కువయ్యాడు, వస్తావా?” అని అడిగింది. మళ్ళీ రాలేదు.

మూడో రోజు బోరు మోటార్లు లాగే చెయిన్ పుల్లీ అద్దెకు తెచ్చి, మూడు కాళ్ళ గడకు తగిలించి, పొట్ట కింద వెడల్పు గోనెపట్టెలతో లేపాం. ఇక్కడ ఒక జాగ్రత్త. కాళ్ళు మోపితే ఐదు పది నిమిషాలు నిలబెట్టాలి. మోపకుండా వేలాడితే వెంటనే దించాలి. వేలాడదీసి ఉంచితే అదో శిక్ష. మొదటి రోజు వేలాడింది. మరునాడు ముందు కాళ్ళు మోపింది. ఐదో రోజు ఉదయం, దూడను నాలుగడుగుల దూరంలో కట్టి మేం కాఫీ తాగుతుంటే తనంతట తానే లేచింది. ఆవు వెనుక భాగాన్ని ముందు లేపి, తల ముందుకు విసురుతుంది. అందుకే ఎదుట గోడ గాని గాడి గాని ఉండకూడదు. ఎడమ వెనుక కాలి గిట్ట మడతపడుతూ నెల రోజులు కుంటింది.

అన్నీ లేస్తాయని చెప్పను. 2023లో టీచరుగారి గేదె జారిపడింది. 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార వైద్యశాల బండి వచ్చింది. డాక్టరమ్మ లోపల చెయ్యి పెట్టి చూసి, కటి ఎముక విరిగిందన్నారు. పుల్లీ తేవద్దన్నారు. అయినా తిప్పుతూనే ఉన్నాం, పోయే ప్రాణాన్నైనా పుండ్లతో పోనివ్వకూడదని. మూడో రోజు పోయింది. మేత తింటూ, పాకుతూ, లేవాలని ప్రయత్నించే పశువు మీద ఆశ పెట్టుకోవచ్చు. మేత మాని, ఎంత కూర్చోబెట్టినా పక్కకు పడిపోయేదాని సంగతి డాక్టరును సూటిగా అడగండి.

కష్టపు ఈతలో నరాలు నలిగి వెనుక కాళ్ళు చెరో పక్కకు చీలిపోతుంటే, రెండింటినీ మెత్తని గుడ్డతో రెండడుగుల ఎడం ఉంచి కట్టాలి. ఒకసారి పాలజ్వరం వచ్చిన ఆవుకు తరువాతి ఈతలో మొదటి రోజు పొదుగు పూర్తిగా పిండవద్దు, దూడకు సరిపడా తీస్తే చాలు. చూడి చివరి నెలలో కాల్షియం డబ్బాలు తెగ పట్టించడం కూడా మంచిది కాదట. ఎముకల్లోంచి తీసుకునే అలవాటు ఒంటికి తప్పుతుంది. గౌరి ఐదో ఈతకు ఇవన్నీ పాటించాం. పడలేదు.

ఆ గోనెపట్టెలు మా అటక మీద ఉన్నాయి. రిజిస్టరులో ఇంకా సగం కాగితాలు ఖాళీ. చుట్టుపక్కల ఎవరికి అవసరమొచ్చినా అర్ధరాత్రయినా కబురు చేయండి, వస్తాను. తుంటి పట్టడానికి మాత్రం ఇద్దరు కుర్రాళ్ళను మీరే చూసుకోవాలి. నా మోకాళ్ళు ఇప్పుడు రిజిస్టరు పనికే ఒప్పుకుంటున్నాయి.

సెలవు.