కర్మాగారము – ప్రకృతి ఋణము
(ఒక పఠనమందిరమున గావించిన యుపన్యాసము)



పరిశ్రమలు లేనిదే దేశమునకు భాగ్యము లేదనుట మనమందరము అంగీకరించిన మాటయే. కాని, ఆ భాగ్యము ఎవరి సొమ్ముతో ఆర్జింపబడుచున్నదను ప్రశ్నను మాత్రము మనము తరచుగా వేసికొనము. వాటాదారులు పెట్టిన ధనమునకు ఏటేట లెక్క గలదు. బ్యాంకులిచ్చిన అప్పునకు లెక్క గలదు. అడవి యిచ్చిన కలపకును, నది యిచ్చిన నీటికిని, గాలిలో గలిసిన పొగకును లెక్క యెక్కడ? ఇప్పుడు లోకమంతటను 'సుస్థిరత' యను పేర వినవచ్చు వాదమంతయు ఈ లెక్కను గూర్చినదే. అసలును కదపక వడ్డీతో కాపురము చేయువాడు గృహస్థు. అసలునే అమ్ముకొని తినువాడు ఎంత వైభవముగా దినినను దివాలాకోరే. కర్మాగారమునకును ధర్మము ఇదియే.

ఈ ధర్మమును మాటలలో చర్చించుటకంటె ఒక పరిశ్రమయందు బరీక్షించుట మేలు. కాగితమునే గైకొందము. పఠనమందిరమున కూర్చున్న మనకు అంతకంటె దగ్గరి వస్తువు లేదు. తెలుగునాట గోదావరి యొడ్డున రెండు పెద్ద కాగితపు మిల్లులు గలవు. ఒకటి రాజమహేంద్రవరమున నున్నది. రెండవది భద్రాచలమునకు ఎదుటి గట్టున సారపాకయందున్నది. ఈ రెండవదానియందు 1979లో ఉత్పత్తి ప్రారంభమైనది; 2002లో అది ఐ.టి.సి. కంపెనీలో గలిసినది. నేటి నా ప్రసంగమునకు ఇదియే ఉదాహరణము.

మొదటి పద్దు కలప. స్వరాజ్యము వచ్చిన తరువాత చాలకాలము మన దేశమున కాగితపు మిల్లులు ప్రభుత్వపు టడవులమీదనే బ్రదికినవి. బుట్టలల్లుకొను బీదవాడు బజారులో అధికధర కిచ్చి వెదురు కొనుచుండగా, అదే వెదురు మిల్లులకు నామమాత్రపు రుసుమునకు లభించుచుండెను. చౌకగా దొరకిన వస్తువును ఎవడు పొదుపుగా వాడును? వెదురు పొదలు నరుకబడినంత వేగముగా మరల పెరుగలేదు. తుదకు 1988 నాటి జాతీయ అటవీ విధానము ఒక గట్టి మాట చెప్పినది: అడవిపై నాధారపడిన పరిశ్రమ తనకు గావలసిన ముడిసరుకును, దానిని పెంచగల వ్యక్తులతో నేరుగా సంబంధము పెట్టుకొని, తానే సమకూర్చుకొనవలెను.

సారపాక మిల్లువారు 1989లో జామాయిల్ క్లోన్ల పని యారంభించిరి. ఆ పని యెట్టిదో రెండు మాటలలో చెప్పెదను. తోటలో నిటారుగా, దృఢముగా, రోగము లేక పెరిగిన చెట్టు నొకదానిని ఎన్నుకొని నరుకుదురు. మోడునుండి వచ్చిన లేతకొమ్మలను ముక్కలుగా గోసి, తేమ నిండిన గదులయందుంచి వేళ్లు తొడిగింతురు. విత్తనపు మొక్కలలో ఒకటి పొడవు, ఒకటి పొట్టి. ఇట్లు పుట్టిన మొక్కలన్నియు తల్లిచెట్టువలెనే యుండును. దిగుబడి విత్తనపు తోటకంటె రెండు మూడింతలు. నాలుగైదేండ్లకు మొదటి కోత. పిమ్మట మోడు మరల చిగిర్చును. ఈ మొక్కలను రైతులకు విక్రయించి, వారి మెట్టపొలములనుండి కలప గొనుట మొదలుపెట్టిరి. అడవిమీది భారము పొలముమీదికి మారినది. ఇది సామాన్యమైన మార్పు గాదు.

అయినను ఇక్కడనే ఒక హెచ్చరిక చేయక తప్పదు. అడవి నోరులేనిది, రైతు నోరున్నవాడు, కాని బలము లేనివాడు. వరి వేసినవాడు ఆరునెలలకు పంటను మార్చుకొనగలడు. చెట్టు నాటినవాడు నాలుగేండ్లు వేచియుండి, కోతనాటికి కొనువారు ఇద్దరు ముగ్గురే యైనప్పుడు, వారు చెప్పినదే ధర యగును. ప్రకాశము, గుంటూరు, కృష్ణా జిల్లాల సుబాబుల్ రైతులు గిట్టుబాటు ధరకొరకు పలుమారులు ఆందోళన చేసిరి. అడవిని కాపాడి రైతును కరగదీసిన పరిశ్రమను సుస్థిరమని యెట్లందుము? ఒకసారి నష్టపోయిన రైతు రెండవసారి చెట్టు నాటడు. అప్పుడు మిల్లు చూపు మరల అడవివైపే తిరుగును.

రెండవ పద్దు నీరును, రసాయనములును. కలపలో కాగితమునకు బనికివచ్చు పీచు ఇంచుమించు సగమే. తక్కిన సగములో పీచును బంధించియుంచు లిగ్నిన్ అను పదార్థము ముఖ్యమైనది. క్షారద్రవములో నుడికించినచో నది కరగి నల్లని ద్రావకమగును. దీనిని నదిలోనికి వదలిన మిల్లు, నదిని చంపుటయే గాక, తన సొమ్మును తానే పారబోసికొన్నదగును. ఏలయన, ఆ ద్రావకమును చిక్కగా మరిగించి కొలిమిలో మండించినచో ఆవిరి పుట్టును. ఆవిరితో విద్యుత్తు వచ్చును. అడుగున మిగిలినదానినుండి మొదట వాడిన క్షారములో చాలభాగము తిరిగి లభించును. ఈ పద్ధతికి దగిన కొలిమి 1930వ దశకముననే రూపొందినది. చిన్న మిల్లులు పెక్కింటికి అంత పెట్టుబడి లేక, నల్లని నీరు మన యేరులలో చాలకాలము ప్రవహించినది.

ఇక తెల్లదనము. కాగితము మల్లెపూవువలె నుండవలెనని మనము కోరుదుము. ఆ తెలుపుకొరకు మిల్లులు క్లోరిన్ వాయువును వాడెను. మిగిలిన లిగ్నిన్‌తో క్లోరిన్ గలిసి డయాక్సిన్ల వంటి విషములు పుట్టుచున్నవని 1980వ దశకమున పాశ్చాత్యదేశములలో తేలినది. అవి నీటిలో కరగవు. చేపల క్రొవ్వులో నిలిచి, వానిని దిన్న మనుష్యుని చేరును. సారపాకలో 2002లో క్లోరిన్ వాయువును విడిచి క్రొత్త పద్ధతిని అవలంబించిరి. ఇది దేశమున మొదటిదని కంపెనీ చెప్పుకొనును. తరువాత ఓజోన్‌ను గూడ ప్రవేశపెట్టిరి. గొట్టము చివర విషమును శుద్ధి చేయుట ఒక పద్ధతి. విషమే పుట్టకుండ చేయుట మరియొక పద్ధతి. రెండవదే ఉత్తమము.

మొదటి పద్ధతినే నమ్ముకొన్నచో నేమగునో పటాన్‌చెరు చెప్పును. అక్కడ మందుల కర్మాగారములకు ఉమ్మడి శుద్ధికేంద్రము లేకపోలేదు. అయినను, ఆ కేంద్రమునుండి శుద్ధియై వెలువడిన నీటిలో లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు గలదని 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ మందు పుచ్చుకొన్న రోగి రక్తమున నుండు మోతాదునకు అది మించినది. రోగముల నణచవలసిన మందు, రోగక్రిములకు సాము నేర్పు గురువైనది.

మూడవది లెక్కల వ్రాత. నేటి పెద్ద కంపెనీలు మేము వాడిన నీటికంటె ఎక్కువ నీరు నిలిపితిమనియు, వదలిన బొగ్గుపులుసు గాలికంటె ఎక్కువ పీల్చుకొంటిమనియు ప్రకటించుచున్నవి. ఐ.టి.సి.యు అట్లు ప్రకటించిన వానిలో నొకటి. చెరువులు త్రవ్వించుట, చెట్లు నాటించుట మంచిపనులే. వానిని నేను నిందింపను. కాని, ఒక జిల్లాలో నిలిపిన వాననీరు మరియొక జిల్లాలో మిల్లు వదలిన నీటిని శుద్ధి చేయదు. చెట్టు పీల్చిన బొగ్గుపులుసు గాలి, ఆ చెట్టు కాగితమై, కాగితము చెత్తయై కాలినప్పుడు మరల గాలిలో గలియును. ఒక పద్దులోని జమ మరియొక పద్దులోని ఖర్చును మాపజాలదు. ఇంట అప్పు తీర్చక గుడికి గంట కట్టించినవానిని మనము పుణ్యాత్ముడనవచ్చును, ఋణవిముక్తుడనము.

సోదరులారా! ఈ మార్పులు ఏల వచ్చినవి? కంపెనీకి హఠాత్తుగా జాలి కలిగినందున గాదు. అడవి తలుపు చట్టము మూసినది. కావున పొలము తలుపు తట్టినది. క్షారము తిరిగి వచ్చిన లాభము గలదు. కావున కొలిమి కట్టినది. క్లోరిన్ లేని కాగితమును కొనువారు అడిగిరి. చట్టము, లాభము, ప్రజాభిప్రాయము, ఈ మూడును ఒక్కవైపు లాగినప్పుడే బండి కదలినది. మొదటి రెంటిని ఇతరులు చూచుకొందురు గాక. మూడవది మన చేతిలోనిది.

దానికి సాధనములును గలవు. 2005 నాటి సమాచారహక్కు చట్టము గలదు. పెద్ద పరిశ్రమ వచ్చునప్పుడు బహిరంగ విచారణ జరుపవలెనను నియమము గలదు. స్టాకు మార్కెట్టులో నమోదైన వానిలో పెద్దవైన వేయి కంపెనీలు తమ నీటిని, శక్తిని, వ్యర్థములను, కార్మికులను గూర్చి ఏటేట నివేదిక ప్రకటింపవలెనని 2022-23 నుండి సెబీ నిర్బంధించినది. ఈ నివేదికలను జదువువా రెందరు? ప్రతి పఠనమందిరమును తన సమీపమునందలి కర్మాగారపు నివేదికను దెప్పించి, వార్తాపత్రికల ప్రక్కన బల్లపై నుంచవలెనని నా ప్రార్థన. చదివినవారు మూడు ప్రశ్నలు వేయుదురు గాక: ఈ యేడు ఏమి తీసికొంటివి? ఏమి వదలితివి? నీకు సరుకిచ్చినవాడు నిలిచెనా, కూలెనా? జవాబు చెప్పగల పరిశ్రమ దేశమునకు సొత్తు. చెప్పలేనిది, ఎంత పొగ వెడలించినను, మన బిడ్డల పేర వ్రాసిన యప్పు.